ఏ ట్రైనింగ్‌కు వెళ్లాలి? తిరుపతి, చిత్తూరు లెక్చరర్లకు ఒక పోలిక

జూన్‌లో కాలేజీ తెరిచిన వారం స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఉంటే మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో నాలుగు లింకులున్నాయి. ఒకటి యూనివర్సిటీ ఇండక్షన్ ప్రోగ్రాం, ఒకటి ఎనిమిది రోజుల ఆన్‌లైన్ కోర్సు, ఒకటి ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటెల్, ఇంకొకటి పక్క జిల్లా కాలేజీ పెడుతున్న ఐదు రోజుల ఎఫ్‌డీపీ (ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం). "మేడం, వీటిల్లో ఏది చేస్తే ప్రమోషన్‌కు లెక్కకొస్తాది?" అని అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే అది, తప్పేం లేదు. ఇంట్లో లోన్ కట్టాల్సిన వాళ్లకు ప్రమోషన్ చిన్న విషయం కాదు. కానీ ఆ ప్రశ్నతో పాటు ఇంకొకటి కూడా అడగమన్నాను. "ఈ ట్రైనింగ్‌లో నేను పాఠం చెబుతుంటే ఎవరైనా చూస్తారా?" ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. చేసిన ట్రైనింగ్‌లు, పోగైన సర్టిఫికెట్లు ఒక ఫైలు నిండా ఉన్నాయి. వాటిలో నా క్లాసును నిజంగా మార్చినవి రెండే. ఆ రెండింటిలోనూ ఎవరో ఒకరు నా పాఠం చూశారు, చూసింది చూసినట్టు చెప్పారు, మళ్లీ చెప్పమన్నారు. అందుకే కింద పోల్చిన దారులన్నిటినీ ఆ లెక్కతోనే తూచాను. ప్రమోషన్ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

మన ఉద్యోగంలో ఒక విచిత్రం ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెప్పాలంటే బీఈడీ కావాలి. డిగ్రీ, పీజీ పిల్లలకు చెప్పడానికి మాత్రం పీజీతో పాటు నెట్, సెట్ లాంటి అర్హత పరీక్ష లేదా పీహెచ్‌డీ ఉంటే చాలు. బోధన ఎలా చేయాలో ఎక్కడా నేర్చుకోకుండానే మనం నేరుగా క్లాసులోకి అడుగుపెడతాం. మా సార్లు మాకెలా చెప్పారో అలాగే చెబుతాం. అందుకే ఉద్యోగంలో చేరాక వచ్చే ట్రైనింగ్‌కు ఇంత విలువ. అదొక్కటే మనకు దొరికే బోధనా శిక్షణ.

ముందు ప్రమోషన్ లెక్క

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతపు లెవెల్ 10 నుంచి లెవెల్ 11కు వెళ్లాలంటే పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, ఎంఫిల్ ఉంటే ఐదేళ్లు, ఏదీ లేకపోతే ఆరేళ్ల సర్వీసు కావాలి. దాంతో పాటు బోధనా పద్ధతుల మీద 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు తప్పనిసరి. ఆపైన రిఫ్రెషర్ కోర్సో, ఎఫ్‌డీపీల్లాంటి చిన్న కోర్సులో, ఈ-సర్టిఫికెట్ వచ్చే మూక్ (ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్) కోర్సో ఉండాలి. అంటే ఆ 21 రోజులకు బదులు ఇంకేదీ చెల్లదు. మూక్ దాని పక్కన నిలబడుతుంది గానీ దాని స్థానంలోకి రాదు. ఈ తేడా తెలియక నాలుగైదు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు చేసి, తీరా స్క్రూటినీలో ఫైలు వెనక్కి వస్తే బాధపడిన వాళ్లను చూశాను. 2025 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనల ముసాయిదా కూడా విడుదల చేసింది. కాబట్టి ఏ కోర్సులో చేరినా ముందు మీ కాలేజీలో క్యాస్, అంటే ప్రమోషన్ ఫైళ్లు చూసే ఉద్యోగిని అడిగి, ప్రస్తుతం ఏ నిబంధన నడుస్తుందో తెలుసుకుని అడుగు వేయండి.

ఎస్వీయూ ప్రాంగణంలోని కేంద్రం

తిరుపతి, చిత్తూరు వాళ్లకు దగ్గర్లో ఉన్నది ఇది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత దేశమంతటా యూనివర్సిటీల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ అలాంటిదొకటి వచ్చింది. పాత లెక్చరర్లు ఇప్పటికీ దాన్ని 'స్టాఫ్ కాలేజీ' అనే అంటారు. 2015లో హెచ్‌ఆర్‌డీసీ (హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్) అన్నారు. 2023 సెప్టెంబర్ 5న టీచర్ల శిక్షణ కోసం కేంద్రం మాలవీయ మిషన్ మొదలుపెట్టాక మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్ అనే పేరు వచ్చింది. పేరు రెండుసార్లు మారినా పని అదే. కొత్తగా చేరినవాళ్లకు ఇండక్షన్ (పైన చెప్పిన ఓరియంటేషన్ కోర్సుకు ఇప్పటి రూపం), సర్వీసులో ఉన్నవాళ్లకు సబ్జెక్టు రిఫ్రెషర్, వీటి మధ్యలో చిన్న కోర్సులు.

నేరుగా వెళ్లి కూర్చునే బ్యాచ్ దొరికితే ఇంతకు మించిన అవకాశం లేదు. ఎందుకంటే అక్కడ టైం ఉంటుంది. ఒక లెక్క చూడండి. బీఈడీ చేసిన వాళ్లకు మైక్రోటీచింగ్ తెలుసు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో డ్వైట్ అలెన్ మొదలుపెట్టిన పద్ధతి అది. మన దేశంలో వాడే నమూనాలో ఆరు నిమిషాలు పాఠం చెప్పడం, ఆరు నిమిషాలు లోపాలు వినడం, పన్నెండు నిమిషాలు మళ్లీ రాసుకోవడం, ఆరు నిమిషాలు మళ్లీ చెప్పడం, చివరి ఆరు నిమిషాలు మళ్లీ వినడం ఉంటాయి. మొత్తం 36 నిమిషాలు. బ్యాచ్‌లో 40 మంది ఉంటే అందరికీ కలిపి 24 గంటలు. మూడు వారాల కోర్సులో అది కష్టమేమీ కాదు. అదే 200 మంది చేరిన ఐదు రోజుల ఆన్‌లైన్ కోర్సులో 120 గంటలు కావాలి. రోజుకు ఆరు గంటలు నడిపినా ఆ కోర్సు మొత్తం 30 గంటలే. అంటే అక్కడ మీ పాఠం ఎవరూ చూడలేరు. నిర్వాహకుల మనసు ఎంత మంచిదైనా గడియారం ఒప్పుకోదు.

నా మొదటి మైక్రోటీచింగ్ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. 'లిమిటింగ్ రియేజెంట్' ఎంచుకున్నాను. చాక్‌పీస్ తీసుకుని నేరుగా సమీకరణం రాశాను, మోల్స్ లెక్క కట్టాను, "అర్థమైందా?" అన్నాను. ఎదురుగా కూర్చున్న హిస్టరీ, కామర్స్, తెలుగు లెక్చరర్లు తలూపారు. ఆ తర్వాత కోర్సు నడిపే సార్ వీడియో పెట్టారు. ఆరు నిమిషాల్లో నాలుగు నిమిషాలు నా వీపే కనిపించింది. హిస్టరీ లెక్చరర్ మెల్లగా అన్నారు, "అమ్మా, నువ్వు బాధపడతావని తలూపినాను. నాకు రెండో లైను కాడే పోయింది." ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పన్నెండు నిమిషాలు ఇచ్చారు. బయట వరండాలో కూర్చుని ఆలోచిస్తే ఆ పొద్దున హోటల్లో తిన్న టిఫిన్ గుర్తొచ్చింది. రెండోసారి బోర్డు ముట్టుకోలేదు. "ప్లేటుకు రెండు ఇడ్లీలు, ఒక వడ. వంటింట్లో 20 ఇడ్లీలు, 7 వడలు ఉన్నాయి. ఎన్ని ప్లేట్లు పెట్టగలం?" అని అడిగి ఆగాను. తెలుగు మేడం 'పది' అన్నారు, వెంటనే 'కాదు కాదు, ఏడే' అని దిద్దుకున్నారు. ఎందుకు ఏడు? వడలు అయిపోయాయి కాబట్టి. ఇడ్లీలెన్ని మిగిలాయి? ఆరు. అప్పుడు బోర్డు దగ్గరికి వెళ్లి ఇడ్లీ అన్నచోట హైడ్రోజన్, వడ అన్నచోట ఆక్సిజన్ రాశాను. నీళ్లు తయారవ్వాలంటే రెండు హైడ్రోజన్ అణువులకు ఒక ఆక్సిజన్ అణువు. 20 హైడ్రోజన్, 7 ఆక్సిజన్ ఉంటే ఆక్సిజన్ ముందు అయిపోతుంది, 6 హైడ్రోజన్ అణువులు మిగిలిపోతాయి. లిమిటింగ్ రియేజెంట్ ఆక్సిజన్. హిస్టరీ సార్ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ పాఠం నేను ఇడ్లీ వడతోనే మొదలుపెడతాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఆ పన్నెండు నిమిషాలు నేర్పింది పుస్తకంలో దొరకదు. పాఠం చెప్పి, విని, మళ్లీ చెప్పే వీలున్న కోర్సుకే మొదటి ఓటు.

కానీ ఒక జాగ్రత్త. మాలవీయ మిషన్ కింద చాలా కోర్సులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే నడుస్తున్నాయి. ఇండక్షన్ అనే ఒకే పేరుతో ఒక బ్యాచ్ నేరుగా, ఇంకొకటి స్క్రీన్ మీద ఉండొచ్చు. నోటిఫికేషన్‌లో ఆఫ్‌లైన్ అని ఉందో లేదో చూడండి. మన కేంద్రంలో లేకపోతే ఇంకో యూనివర్సిటీ కేంద్రంలోనైనా నేరుగా కూర్చునే బ్యాచ్ కోసం ఆగడం మంచిది. దేశంలో వందకు పైగా కేంద్రాలున్నాయి, మీకు దగ్గరిదాంట్లోనే చేయాలన్న నిబంధన లేదు. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా బస్సులో రోజూ వెళ్లి రావచ్చు అనిపిస్తుంది. మొదటి వారం బాగానే ఉంటుంది, రెండో వారానికి ఒళ్లు హూనమైపోతుంది. రాత్రి వచ్చి మరుసటి రోజు పాఠం రాసుకునే ఓపిక ఉండదు. హాస్టల్ గది ఇస్తే తీసుకోండి. కుప్పం వాళ్లకైతే ఇంకో దారే లేదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో బ్యాచ్ పడితే గది సంగతి ముందే మాట్లాడుకోండి. బయట లాడ్జి దొరకదు, దొరికినా ఆ రేటు మన జీతానికి అందదు.

ఎనిమిది రోజుల ఆన్‌లైన్ కోర్సు

జాతీయ విద్యా విధానం 2020 మీద మాలవీయ మిషన్ నడిపే ఓరియంటేషన్ ఇది, ప్రమోషన్‌కు తప్పనిసరైన ఆ 21 రోజుల కోర్సు కాదు. ఎనిమిది అంశాలుంటాయి. భారతీయ జ్ఞాన వ్యవస్థలు, పరిశోధన, నైపుణ్యాలు, విద్యార్థుల వైవిధ్యం, బోధనలో కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం (ఐసీటీ) లాంటివి. విధానం తెలుసుకోవడానికి పనికొస్తుంది. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చాక ఇది వింటే కొన్ని సంగతులు విడివడతాయి. కానీ ఇది బోధన నేర్పే కోర్సు కాదు. బోధన మెరుగుపడాలని చేరితే నిరాశే. కాలేజీ పని మానకుండా పూర్తి చేయొచ్చు కాబట్టి చేయండి, అంతకు మించి ఆశించకండి.

ఎన్‌పీటెల్, స్వయం

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చాక రెండూ ఒకే గూటికి చేరాయి. చేరడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఎన్‌పీటెల్‌లో కోర్సుకు 1000 రూపాయలు కట్టాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. పరీక్ష కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లి రాయాలి కాబట్టి ఆ సర్టిఫికెట్‌కు విలువుంది. ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. సబ్జెక్టు కోర్సులే కాదు, ఇంజనీరింగ్ బోధన ఎలా చేయాలి, ఔట్‌కమ్ ఆధారంగా సిలబస్ ఎలా రాసుకోవాలి అనే వాటి మీదా కోర్సులున్నాయి. టీచర్ల కోసమే 2018లో స్వయంలో ఆర్పిట్ అని 40 గంటల రిఫ్రెషర్లు మొదలుపెట్టారు. అందులో 20 గంటలు వీడియో, 20 గంటలు చదువుకునే సామగ్రి, చర్చలు.

దీని బలం ఎక్కడుందంటే సబ్జెక్టులో. స్పెక్ట్రోస్కోపీ నాకు మొదట్నుంచీ గట్టిగా పట్టు లేని పేపర్. పన్నెండు వారాల కోర్సు కూర్చుని చేశాక పిల్లల ప్రశ్నలంటే భయం పోయింది. సబ్జెక్టు మీద భయం పోతే బోధన సగం బాగుపడుతుంది. ఆ మేరకు ఎన్‌పీటెల్‌కు నేను ఋణపడి ఉన్నాను. మిగతా సగం మాత్రం దాంతో రాదు. వీడియోలో ఉన్న ప్రొఫెసర్‌ను మనం చూస్తాం, ఆయన మనల్ని చూడరు.

జీతం కోసుకుపోతుందనే టెన్షన్ ఉన్న గెస్ట్ ఫ్యాకల్టీకి, ప్రైవేటు కాలేజీల వాళ్లకు ఇదే సరైనది. పీరియడ్‌కు ఇంత అని డబ్బులు తీసుకునే లెక్చరర్‌ను మూడు వారాలు సెలవు పెట్టి తిరుపతికి వెళ్లమని నేను చెప్పలేను. ఆ నెల ఇంటి అద్దె ఎవరు కడతారు? వాళ్లు ఎన్‌పీటెల్‌తో మొదలుపెట్టి, ఈ వ్యాసం చివర్లో చెప్పబోయే పని కూడా జతచేసుకోవాలి.

ఇంజనీరింగ్ వాళ్లకు

సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కింద ఉన్న కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్ల కోసం ఎన్‌ఐటీటీటీ అనే శిక్షణ కార్యక్రమం ఉంది. స్వయంలో ఎనిమిది మాడ్యూళ్లు. నన్నడిగితే వీటిలో పాఠం ప్లాన్ చేసుకుని చెప్పడం మీద ఉన్న నాలుగోది, పరీక్షలు, మూల్యాంకనం మీద ఉన్న ఆరోది మిగతా అన్నిటి పెట్టు. మనం ప్రశ్నపత్రం రాసే తీరే పిల్లలు చదివే తీరును నిర్ణయిస్తుంది. ఐదు మార్కుల ప్రశ్నలన్నీ 'నిర్వచించండి, వివరించండి' అని రాస్తే పిల్లలు బట్టీ పట్టక ఏం చేస్తారు? ఆరో మాడ్యూల్ చేసిన మా బంధువు ఒకాయన ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తారు. ఆయన ఇంటర్నల్ పేపర్లో ఒక ప్రశ్న మార్చారు. ఓమ్ నియమం నిర్వచించమనే చోట, ఇంట్లో హీటర్ లోపలి కాయిల్ వైరు సగానికి తెగితే, మిగిలిన సగాన్నే మళ్లీ బిగిస్తే వేడి ఎక్కువవుతుందా, తక్కువవుతుందా అని అడిగారు. సగం తరగతి తప్పు రాసిందట. వైరు పొట్టిదైతే రెసిస్టెన్స్ తగ్గుతుంది, అదే వోల్టేజీకి కరెంటు ఎక్కువ పోతుంది, వేడి పెరుగుతుంది. నిర్వచనం మాత్రం అందరికీ నోటికి వచ్చు. ఆ ఒక్క ప్రశ్నతో తన క్లాసులో ఏం జరగడం లేదో ఆయనకు తెలిసింది.

మాడ్యూళ్ల తర్వాత ఒక మెంటర్ దగ్గర బోధన, పరిశ్రమలో శిక్షణ కూడా ఆ విధానంలో భాగమే. ఈ మెంటర్ దశ మీ కాలేజీ ఎంత శ్రద్ధగా తీసుకుంటే అంత ఫలితం. సంతకాలు పెట్టించి పంపించేస్తే ఆ మంచి అవకాశం చేజేతులా పోగొట్టుకున్నట్టే. మీ మెంటర్‌ను మీరే వెళ్లి అడగండి, "సార్, ఒక్క పీరియడ్ వచ్చి కూర్చోండి" అని. కాదనే పెద్దవాళ్లు తక్కువ.

నేరుగా వెళ్లి నేర్చుకోవాలనుకుంటే చెన్నై తరమణిలోని ఎన్‌ఐటీటీటీఆర్ ఉంది. సాంకేతిక విద్యా బోధకుల శిక్షణ కోసమే 1960లలో పెట్టిన నాలుగు జాతీయ సంస్థల్లో ఒకటి. మనకు చెన్నై దూరం కాదు. తిరుపతి నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటాం. ఏఐసీటీఈ అటల్ అకాడమీ ఎఫ్‌డీపీలు ఎక్కువగా కొత్త టెక్నాలజీల మీద ఉంటాయి. సబ్జెక్టు అప్‌డేట్‌కు మంచివి, బోధనకు కాదు.

మెడికల్ కాలేజీల వాళ్లకు జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) వారి వైద్య విద్యా బోధన కోర్సు వేరేగా ఉంది, అది నా పరిధి కాదు.

కాలేజీలు పెట్టే ఐదు రోజుల ఎఫ్‌డీపీ

దీని గురించి మొహమాటం లేకుండా చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఎక్కువమంది చేసేది ఇదే. కొన్నేళ్ల కిందట ఒక ఎఫ్‌డీపీలో చేరాను. విషయం విద్యార్థి కేంద్రిత బోధన. ఐదు రోజులు, రోజుకు రెండు ఉపన్యాసాలు. పది మంది వక్తలు, పదీ ఉపన్యాసాలే. పాల్గొన్న మాలో ఒక్కరినీ నోరు తెరవనివ్వలేదు. మూడో రోజు నేను చాట్‌లో ఒక ప్రశ్న పెట్టాను. మా క్లాసులో ఇంటర్ తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలే ఎక్కువ, డిగ్రీ మాత్రం 2021-22 నుంచి మొత్తం ఇంగ్లీషు మీడియం అయింది, వాళ్లతో చర్చ ఎలా నడపాలి అని. జవాబు రాలేదు. చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే మెయిల్‌కు సర్టిఫికెట్ వచ్చింది. ఆ సర్టిఫికెట్ నా ఫైలులో ఉంది. ఆ ఐదు రోజుల్లో ఏం నేర్చుకున్నానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. అది నాకు కోపం కన్నా బాధే ఎక్కువ కలిగించింది, ఎందుకంటే ఆ ప్రశ్న నాది ఒక్కదానిదే కాదు. పలమనేరు నుంచి, గంగాధర నెల్లూరు నుంచి, పాకాల నుంచి వచ్చే ప్రతి బిడ్డదీ.

అన్ని ఎఫ్‌డీపీలూ ఇలాగే ఉంటాయని కాదు. తేడా కనుక్కోవడం సులువు. రిజిస్టర్ అయ్యే ముందు కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి. బ్యాచ్‌లో ఎంతమంది, పాల్గొనేవాళ్లు పాఠం చెప్పాలా, చెబితే ఎవరు చూసి చెబుతారు, కోర్సు అయిన రెండు నెలలకు ఎవరైనా మళ్లీ పలకరిస్తారా అని అడగండి. రెండు నిమిషాల ఫోన్ కాల్. ఈ మాటలకు సూటిగా జవాబిస్తే చేరండి. "రిసోర్స్ పర్సన్లు చాలా పెద్దవాళ్లు మేడం" అని మాట దాటేస్తే, సర్టిఫికెట్ అవసరం ఉంటేనే చేరండి.

నిర్వహించేవాళ్లకు కూడా ఒక మనవి. పది మంది వక్తల బదులు ఇద్దరిని పిలవండి. మిగతా టైం మా చేత పాఠం చెప్పించండి. ఖర్చు కూడా తగ్గుతుంది.

లోతుగా చదవాలనుకునేవాళ్లకు

ఇగ్నో దూరవిద్యలో ఉన్నత విద్య మీద పీజీ డిప్లొమా ఉంది. కనీసం ఏడాది, ఎక్కువలో ఎక్కువ మూడేళ్లలో పూర్తి చేయొచ్చు. బ్రిటన్‌లో కొత్తగా చేరిన లెక్చరర్లు ఉద్యోగం చేస్తూనే ఇలాంటి సర్టిఫికెట్ కోర్సు చదవడం మామూలు. మన దగ్గర అరుదు. చదివే అలవాటు, రాసే ఓపిక ఉంటే చేరండి. అది లేకుండా చేరితే మెటీరియల్ అట్టపెట్టెలోనే ఉండిపోతుంది.

ఇక డబ్బు, సెలవు, సర్టిఫికెట్ ఏదీ అక్కర్లేని దారి

నా క్లాసును మార్చిన రెండోది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మా కాలేజీలో నలుగురం కలిశాం. కెమిస్ట్రీ నేను, ఒక తెలుగు మేడం, మ్యాథ్స్ సార్, కామర్స్ సార్. వేర్వేరు డిపార్ట్‌మెంట్లు కావాలనే ఎంచుకున్నాం. సబ్జెక్టు తెలియనివాళ్లయితే బోధన మీదే దృష్టి పెడతారు, తెలిసినవాళ్లయితే తప్పులు వెతుకుతారు. నెలకొకసారి ఒకరి క్లాసులో ఇంకొకరు వెనక బెంచీలో ఇరవై నిమిషాలు కూర్చుంటారు. నోట్‌బుక్ పేజీని రెండుగా గీసుకుని ఒకవైపు కళ్లతో చూసింది, ఇంకోవైపు అడగాల్సింది రాస్తారు. బాగుంది, బాగాలేదు అనే మాటలు నిషేధం. సాయంత్రం టీ తాగుతూ పది నిమిషాలు మాట్లాడుకుంటాం. ఆ కాగితం క్లాసు చెప్పినవాళ్లకే ఇచ్చేస్తాం. ప్రిన్సిపాల్‌కు గానీ, ఏ ఫైలుకు గానీ వెళ్లదు. ఈ ఒక్క షరతు తప్పితే మొత్తం పాడవుతుంది. చూడటం తనిఖీగా మారిన రోజు అందరూ తలుపులు వేసుకుంటారు.

మొదటిసారి తెలుగు మేడం నా క్లాసుకు వచ్చారు. ఆమె రాసిచ్చిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఎడమవైపు మూడు వాక్యాలు. 'అర్థమైందా అని 14 సార్లు అడిగారు, ఒక్కసారీ జవాబు కోసం ఆగలేదు. బోర్డు కుడివైపు కింద రాసింది టేబుల్ అడ్డంగా ఉండి చివరి మూడు బెంచీలకు కనబడలేదు. కిటికీ పక్క వరసలో నలుగురు ఇరవై నిమిషాల్లో పెన్ను తీయలేదు.' కుడివైపు ఒకే ప్రశ్న. 'ఆ నలుగురి పేర్లు మీకు తెలుసా?'

నాకు తెలియదు. అప్పటికి సెమిస్టర్ సగం అయిపోయింది.

ఆ 'అర్థమైందా' సంగతి తీసుకుంటే, మన పిల్లలు ఆ ప్రశ్నకు ఎప్పుడూ 'అర్థమైంది మేడం' అనే అంటారు. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. అర్థం కాలేదనడం మర్యాద కాదనుకుంటారు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారట. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారు. నేను ఇప్పుడు అర్థమైందా అని అడగను. 'వడలు ఇంకో మూడు తెస్తే ఏమవుతుంది, పక్కనున్న వాళ్లతో తెలుగులోనే మాట్లాడుకుని చెప్పండి' అంటాను. మనసులో ఐదు లెక్కపెడతాను. మొదట్లో ఆ మౌనం భరించడం కష్టం. నెల రోజులకు అలవాటైంది. తెలుగులో మాట్లాడుకుని, పరీక్షలో ఇంగ్లీషులో రాయడానికి బోర్డు మీద నాలుగు ఇంగ్లీషు వాక్యాలు కలిసి తయారుచేస్తాం. ఆ ఎఫ్‌డీపీలో జవాబు రాని నా ప్రశ్నకు ఇలా మా నలుగురి టీ దగ్గరే దారి దొరికింది.

పిల్లల చేత మాట్లాడించడం టైం వృథా అనేవాళ్లున్నారు. సైన్సు, ఇంజనీరింగ్, గణితంలో 225 అధ్యయనాలను కలిపి 2014లో చేసిన ఒక పెద్ద పరిశీలనలో, ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో తప్పినవాళ్లు సగటున 34 శాతం, పిల్లల చేత పని చేయించిన తరగతుల్లో 22 శాతం. అరవై మంది ఉన్న మన క్లాసులో అది ఏడుగురు. ఆ ఏడుగురిలో ఎంతమంది వాళ్లింట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లో ఆలోచించండి.

మరి ఎవరు ఏది ఎంచుకోవాలి?

ఏడాదిలో ప్రమోషన్ గడువు ఉంటే ముందు ఆ 21 రోజుల కోర్సే, ఆన్‌లైన్ అయినా సరే. ఆలస్యం చేస్తే మీకే నష్టం. సర్వీసు కొత్తదై, ఇంకా రెండు మూడేళ్లు చేతిలో ఉంటే నేరుగా కూర్చునే ఇండక్షన్ కోసం ఆగండి. ఆ లోపు ఎన్‌పీటెల్‌లో మీకు పట్టు లేని పేపర్ ఒకటి చేయండి. ఇంజనీరింగ్ వాళ్లు ఎనిమిది మాడ్యూళ్లు ఎలాగూ చేయాలి, మెంటర్ దశను మాత్రం సంతకంతో సరిపెట్టకండి. పదిహేనేళ్లు దాటిన సీనియర్లకు నా సలహా వేరు. మీకు ఇంకో సర్టిఫికెట్ అక్కర్లేదు. మీ తలుపు తెరిచి ఒక జూనియర్‌ను వెనక బెంచీలో కూర్చోబెట్టుకోండి. మీరే ముందు చూపిస్తే వాళ్లకు భయం పోతుంది. గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్టు వాళ్లు నలుగురిని కూడగట్టుకోండి. అది మీ జీతంలో ఒక్క రూపాయి కూడా కోయదు.

ఏది ఎంచుకున్నా నలుగురు కలిసి ఒకరి క్లాసు ఒకరు చూసుకునే ఆ దారిని పక్కన పెట్టకండి. మూడు వారాల కోర్సులో నేర్చుకున్నది నిలబడాలంటే తిరిగొచ్చాక అడిగేవాళ్లు ఉండాలి. తిరుపతి నుంచి ఎంతో ఉత్సాహంగా వచ్చి, రెండు వారాలు గ్రూప్ డిస్కషన్లు పెట్టి, సిలబస్ వెనకబడుతుందని మళ్లీ డిక్టేషన్‌కు వెళ్లిపోయిన మంచి లెక్చరర్లు నాకు తెలుసు. తప్పు వాళ్లది కాదు, పక్కన ఎవరూ లేరు.

ఆ రోజు ఫోన్ తెచ్చిన అమ్మాయికి సర్వీసు ఏడాదే. కాలేజీ ఎఫ్‌డీపీ లింకు తీసేసింది. డిసెంబర్‌లో ఆఫ్‌లైన్ బ్యాచ్ ఉంటుందేమో కనుక్కోమని స్టాఫ్ కాలేజీకి ఫోన్ చేయించాను. ఈలోపు ఫిజికల్ కెమిస్ట్రీలో ఎన్‌పీటెల్ కోర్సు మొదలుపెట్టింది. బుధవారం మూడో పీరియడ్ నా సెకండియర్ క్లాసులో కిటికీ పక్క వరస వెనక కూర్చుంటానంది. కొత్త నోట్‌బుక్ కొనుక్కుని, మొదటి పేజీ మధ్యలో గీత గీసి నాకు చూపించింది.